రంగురంగుల కూరగాయలు తింటే మేలు.. వాటి సారం మాత్రగా మింగితే? ఫిన్లాండ్‌లో 29 వేల మందికి ఏం జరిగిందంటే..

"పది కూరగాయల శక్తి ఒక్క క్యాప్సూల్‌లో".. "యాంటీ ఆక్సిడెంట్లు ఫుల్".. ఫోన్‌లో వీడియో చూస్తుంటే మధ్యలో ఇలాంటి ప్రకటన ఏదో ఒకటి వచ్చి పడుతూనే ఉంటుంది. పసుపు సారం, టమాటా సారం, గ్రీన్ టీ సారం, ద్రాక్ష గింజల సారం.. దేన్నయినా సీసాలో పోసి అమ్మేస్తున్నారు. కూరగాయల్లో ఉన్న మంచి పదార్థమేదో దాన్నే బయటికి తీసి మాత్ర చేస్తే సరిపోతుంది కదా, ఇక రోజూ కూరలు తరుక్కోవడం దేనికి? వినడానికి లెక్క బాగానే ఉంది. ఈ లెక్కను శాస్త్రవేత్తలు నిజంగానే పరీక్షించి చూశారు. వేల మంది మీద, ఏళ్ల తరబడి. వచ్చిన ఫలితం వాళ్లు అనుకున్నదానికి పూర్తిగా తలకిందులు.

పొగ తాగేవాళ్లకు ఇచ్చిన మాత్ర

క్యారెట్‌కి, మామిడి పండుకి, గుమ్మడికాయకి ఆ పసుపు, నారింజ రంగునిచ్చే పదార్థం పేరు బీటా కెరోటిన్. ఆకుకూరల్లోనూ దండిగా ఉంటుంది. కాకపోతే అక్కడ ఆకుపచ్చ రంగు కింద కనిపించకుండా ఉంటుంది. మన శరీరం దీన్ని కావాల్సినంత మేరకు విటమిన్ ఏగా మార్చుకుంటుంది.

1980ల నాటికి పరిశోధకులకు ఒక విషయం పదేపదే కనిపించింది. ఆకుకూరలు, క్యారెట్లు బాగా తినేవాళ్లలో, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోంది. అంటే కాపాడుతున్నది ఈ పదార్థమే అయ్యుండాలి అనుకున్నారు. అలాగైతే క్యాన్సర్ ముప్పు బాగా ఉన్నవాళ్లకు దీన్నే మాత్రగా ఇద్దామని ఫిన్లాండ్‌లో 1985లో పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు.

అందులో చేరినవాళ్లు 29,133 మంది. అందరూ 50 నుంచి 69 ఏళ్ల మధ్య మగవాళ్లు, అందరూ పొగ తాగేవాళ్లే. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఈ, కొందరికి రెండూ, మిగతావాళ్లకు మందు లేని డమ్మీ మాత్ర. ఎవరికి ఏది అందుతోందో వాళ్లకు తెలియదు. ఇలా 5 నుంచి 8 ఏళ్లు సాగింది.

1994లో ఫలితాలు బయటపెట్టారు. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసులు 474. వేసుకోనివాళ్లలో 402. తగ్గాల్సింది పోయి 18 శాతం పెరిగింది!

ఏదో పొరపాటు జరిగి ఉంటుందని, కాకతాళీయమని అనుకోవడానికి కూడా ఎక్కువ కాలం దొరకలేదు. అప్పటికే అమెరికాలో ఇంకో ప్రయోగం నడుస్తోంది. 18 వేల మందికి పైగా.. పొగ తాగేవాళ్లు, గతంలో తాగి మానేసినవాళ్లు, ఆస్‌బెస్టాస్ పనిలో ఉన్న కార్మికులు. వాళ్లలో సగం మందికి రోజూ 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఏ ఇచ్చారు. 1996 జనవరిలో, అనుకున్న గడువుకు 21 నెలల ముందే, ఆ ప్రయోగాన్ని ఆపేయాల్సి వచ్చింది. మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం ఎక్కువగా, మొత్తం మరణాలు 17 శాతం ఎక్కువగా కనిపించాయి. అమెరికా డాక్టర్లు 22 వేల మంది మీద 12 ఏళ్ల పాటు జరిగిన మరో ప్రయోగంలో కీడు కనిపించలేదు. మేలూ కనిపించలేదు. వాళ్లలో పొగ తాగేవాళ్లు తక్కువ.

అన్నిటికంటే ఆలోచించాల్సిన విషయం ఇంకోటుంది. అదే ఫిన్లాండ్ ప్రయోగంలో, డమ్మీ మాత్రలు వేసుకున్నవాళ్లను విడిగా పరిశీలించారు. వాళ్లలో తిండి ద్వారా కెరోటిన్ ఎక్కువగా అందుతున్నవాళ్లకు క్యాన్సర్ తక్కువగానే వచ్చింది. అంటే పదార్థం ఒకటే. పళ్లెంలోంచి వస్తే ఒక లెక్క, సీసాలోంచి వస్తే ఇంకో లెక్క.

కారణం ఏంటి?

ఒక కారణం మోతాదు. 20 మిల్లీగ్రాములంటే దాదాపు పావు కిలో క్యారెట్లలో ఉండేంత. అయినా పచ్చి క్యారెట్ నుంచి ఒంటికి పట్టేది అందులో కొంతే. పీచులో, కణాల గోడల్లో చిక్కుకుని చాలా భాగం అలాగే వెళ్లిపోతుంది. మాత్రలో ఆ అడ్డు ఉండదు, రక్తంలోకి ఒక్కసారిగా చేరుతుంది. పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో ఈ అదనపు కెరోటిన్ విరిగిపోయి హాని చేసే ముక్కలుగా మారుతుందని జంతువుల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి.

రెండో కారణం ఇంకా సింపుల్. తోటకూర తినేవాళ్లకు అందేది ఒక్క బీటా కెరోటిన్ కాదు. లుటీన్ ఉంటుంది, ఫోలేట్ ఉంటుంది, పొటాషియం ఉంటుంది, పీచు ఉంటుంది. పైగా అంత తోటకూర తిన్న రోజు పకోడీలకు పొట్టలో చోటు తగ్గుతుంది. ఈ మొత్తంలో ఒకదాన్ని లాగి, ఘనతంతా దానిదే అనుకోవడం దగ్గరే లెక్క తప్పింది.

అసలు మొక్కలు వీటిని ఎందుకు తయారు చేసుకుంటాయి?

ఫైటోకెమికల్స్ అంటే మొక్కల్లో ఉండే రసాయనాలు. విటమిన్ల లాగా ఇవి లేకపోతే రోగం వస్తుందని చెప్పలేం. కానీ రంగు, వాసన, చేదు, వగరు, ఘాటు.. కూరగాయకు ఉన్న ఈ గుణాల్లో ఎక్కువ భాగం వీటివల్లే.

మొక్క వీటిని మన ఆరోగ్యం కోసం తయారు చేయదు. పురుగు వస్తే పారిపోలేదు, ఎండ ఎక్కువైతే నీడకు వెళ్లలేదు. అందుకే తన రక్షణ తనే చూసుకుంటుంది. గుంటూరు మిర్చి ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్‌నే తీసుకోండి. జంతువులు నమిలితే నోరు మండుతుంది, గింజలు పాడు చేయకుండా వదిలేస్తాయి. పక్షులకు ఆ మంట తెలియదు. అవి పండును మింగి గింజల్ని దూరంగా చల్లుతాయి. మిరప మొక్కకు కావాల్సింది అదే. మనిషి మాత్రం ఆ మంట కోసమే వెతుక్కుని మరీ తింటున్నాడు!

నేరేడు, నల్ల ద్రాక్ష, వంకాయ తొక్కల్లోని ఊదా రంగు ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, బచ్చలి పండ్ల రంగు చూడటానికి అలాగే ఉన్నా అది వేరే కుటుంబం, బీటలైన్లు. బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే కొందరు హడలిపోతారు. అది ఈ రంగే, భయపడక్కర్లేదు. టమాటా, పుచ్చకాయ ఎరుపు లైకోపీన్. ఉల్లిపాయలో క్వెర్సెటిన్. ఉసిరి, టీ, నేరేడు గింజ.. వగరుగా తగిలేదల్లా చాలావరకు పాలీఫినాల్స్.

ఇవన్నీ ఒంట్లోకి వెళ్లి ఫ్రీ రాడికల్స్‌ను ఎక్కడికక్కడ తుడిచేస్తాయన్నది పాత కథ. పరీక్షనాళికలో అది నిజమే. ఒంట్లో అంత తేలిగ్గా జరగదు. పాలీఫినాల్స్‌లో చాలా భాగం చిన్నపేగులో రక్తంలోకి ఎక్కనే ఎక్కదు. పెద్దపేగు దాకా వెళ్తే, అక్కడి బ్యాక్టీరియా వాటిని చిన్న ముక్కలుగా విరగ్గొడుతుంది. ఒంటికి పనికొచ్చేది ఎక్కువగా ఆ ముక్కలే. అందుకే ఒకే పండు తిన్న ఇద్దరికి ఒకే ఫలితం రాకపోవచ్చు, ఎవరి పేగుల్లోని బ్యాక్టీరియా వాళ్లది.

ప్యాకెట్ల మీద "యాంటీ ఆక్సిడెంట్ వాల్యూ ఇంత" అని అంకె వేసి అమ్మేవాళ్లు గుర్తున్నారా? అలాంటి అంకెలన్నీ ఒకచోట చేర్చిన పట్టిక ఒకటి అమెరికా వ్యవసాయ శాఖ దగ్గర ఉండేది. ఆ అంకెలకు, మనిషి ఒంట్లో జరిగేదానికి సంబంధం రుజువు కాలేదని, కంపెనీలు వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నాయని చెప్పి 2012లో ఆ శాఖే దాన్ని తీసేసింది. ప్యాకెట్ల మీద ఆ మాట మాత్రం అలాగే మిగిలింది.

మరి కూరగాయల మేలుకు రుజువు ఉందా?

ఉంది, గట్టిగానే ఉంది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజ్ పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా జరిగిన 95 అధ్యయనాలను కలిపి చూసి 2017లో ఫలితాలు ప్రచురించారు. పండ్లు, కూరగాయలు రోజుకు 200 గ్రాములు పెరిగిన కొద్దీ పక్షవాతం ముప్పు 16 శాతం, గుండె జబ్బు ముప్పు 8 శాతం తక్కువగా కనిపించింది. క్యాన్సర్ విషయంలో తేడా ఉంది కానీ చిన్నదే, 3 శాతం. క్యాన్సర్‌ను తరిమేసే కూర, క్యాన్సర్‌ను మాయం చేసే పండు అంటూ వచ్చే ఫార్వర్డ్ మెసేజ్‌లు చదివేటప్పుడు ఈ 3 అంకె గుర్తుంటే చాలు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మామూలు మనిషి పళ్లెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని చెప్పింది. నలుగురున్న ఇంటికి లెక్కేస్తే రోజుకు కిలో ఆరు వందల గ్రాముల కూరగాయలు. అరకిలో వంకాయలు వండి రెండు పూటలూ గడిపేసే ఇంటికి ఈ అంకె చాలా పెద్దదే. అన్నం కుప్ప తగ్గకుండా కూర పెంచడం కుదరదు, పొట్ట సరిపోదు. మార్చాల్సింది ఆ కొలతనే.

దీనికి బ్లూబెర్రీలు, కేల్, కివీ కొనాల్సిన పని కూడా లేదు. ఆంథోసయనిన్ల కోసమైతే సీజన్‌లో నేరేడు పళ్లున్నాయి. విటమిన్ సీ చూస్తే 100 గ్రాముల కమలాలో 50 మిల్లీగ్రాముల దాకా ఉంటే, జామకాయలో 200 పైనే ఉంటుంది. పెరట్లో మునగచెట్టు ఉండి, కాయలు కోసుకుని ఆకు వదిలేసేవాళ్లు బీటా కెరోటిన్ గనిని వదిలేస్తున్నట్టే.

వంటింట్లో తేడా ఎక్కడ పడుతుంది?

కూర కొనడం ఒక ఎత్తు, అందులోది ఒంటికి పట్టించడం ఇంకో ఎత్తు. ఈ రెండోదాంట్లో తెలుగు వంటకు కొన్ని మంచి అలవాట్లున్నాయి.

బీటా కెరోటిన్, లైకోపీన్, లుటీన్.. ఇవన్నీ నూనెలో కరిగేవి, నీళ్లలో కరగవు. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఒక చిన్న పరీక్ష చేశారు. కొందరికి పచ్చి కూరగాయల సలాడ్ పెట్టారు, ఒకసారి కొవ్వు లేని డ్రెస్సింగ్‌తో, ఇంకోసారి నూనె ఉన్న డ్రెస్సింగ్‌తో. కొవ్వు లేకుండా తిన్నప్పుడు కెరోటిన్లు రక్తంలోకి దాదాపు చేరనే లేదు. 2004లో వచ్చిన ఫలితం ఇది. డైట్ పేరుతో చుక్క నూనె లేకుండా సలాడ్ తినేవాళ్లు దీన్ని గమనించాలి. తోటకూర పప్పులో పెట్టే ఆ చెంచాడు పోపు రుచి కోసమే కాదన్నమాట. ఒక చెంచా చాలు, గరిటెలు గరిటెలు పోయాలని కాదు.

టమాటాది ఇంకో కథ. వండితే విటమిన్ సీ కొంత పోతుంది కానీ లైకోపీన్ మాత్రం ఎక్కువ అందుతుంది. పచ్చి టమాటాలో అది కణాల్లో గట్టిగా పట్టుకుని ఉంటుంది, వేడికి వదులవుతుంది. నూనెలో మగ్గించిన టమాటా పచ్చడి ఈ లెక్కన సలాడ్ ముక్క కంటే ముందుంటుంది. పచ్చివే మంచివి, వండితే అంతా పోతుంది అనే మాట అన్ని కూరలకూ వర్తించదు.

క్యాబేజీ దగ్గరికొస్తే సంగతి తిరగబడుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, బ్రకోలీ ఒకే కుటుంబం. వీటిలో మేలు చేసే ఘాటైన పదార్థం నేరుగా ఉండదు. కూరను తరిగినప్పుడో నమిలినప్పుడో ఒక ఎంజైమ్ కలిసి, అప్పటికప్పుడు అది పుడుతుంది. బాగా ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. మరి ఉడికిన కూరకు దాన్ని తిరిగి ఎలా తేవాలి? ఇంగ్లాండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు ఉడికిన బ్రకోలీ మీద ఆవపొడి చల్లి 12 మందికి పెట్టారు. ఉత్త బ్రకోలీ తిన్నప్పటి కంటే ఆ పదార్థం నాలుగు రెట్లకు పైగా ఒంటికి పట్టింది. ఆవాలూ అదే కుటుంబం, అదే ఎంజైమ్ వాటిలో ఉంది. 2018లో వచ్చిన ఈ ఫలితం చదివితే గోదావరి జిల్లాల వంటింట్లో ఎవరికైనా నవ్వొస్తుంది. ఆవపెట్టిన కూరలో ఆవ నూరి, పొయ్యి మీద నుంచి దించాకే కలుపుతారు. ముందే వేస్తే చేదెక్కుతుందని, ఆ ముక్కుకెక్కే ఘాటు పోతుందని. ఆ ఘాటు పోవడమంటే ఎంజైమ్ పోవడమే. అరటికాయకి, పనసపొట్టుకి పెట్టే ఆవను క్యాబేజీకీ పెట్టి చూడొచ్చు.

వెల్లుల్లిలోనూ ఇలాంటి ఎంజైమే. రెబ్బను చితక్కొట్టినప్పుడు అల్లిసిన్ పుడుతుంది. చితక్కొట్టి వెంటనే కాగే నూనెలో వేస్తే అది పుట్టే టైమే ఉండదు. పది నిమిషాలు పక్కన పెట్టి వేస్తే కొంత మిగులుతుందని ప్రయోగశాల పరీక్షలు చెబుతున్నాయి.

ఇక పసుపు. ఇందులోని కర్కుమిన్ ఒంటికి చాలా తక్కువగా పడుతుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పిపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం ఇచ్చి చూశారు. రక్తంలో చేరింది 20 రెట్లు. మిరియాల చారులో పసుపు పడటం మంచిదే. కాకపోతే ఇక్కడో లెక్క ఉంది. పసుపులో కర్కుమిన్ ఉండేది 3 శాతం దాకా. 2 గ్రాముల కర్కుమిన్ కావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు తినాలి. అంత ఎవరూ తినరు. వంటలో పసుపు వంటకే, దానితో జబ్బులు నయమవుతాయని చెప్పడానికి లేదు.

ఈ 20 రెట్ల అంకెను పట్టుకునే కంపెనీలు కర్కుమిన్, పిపరిన్ కలిపి క్యాప్సూళ్లు చేశాయి. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడిన కొందరికి కాలేయం వాచి, కామెర్లు వచ్చి ఆస్పత్రుల పాలయ్యారు. అక్కడి ఆరోగ్య శాఖ విచారణ చేసింది. తర్వాత అమెరికా, ఆస్ట్రేలియాల నుంచీ ఇలాంటి కేసులు బయటికొచ్చాయి. గ్రీన్ టీ సారం మీద ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది, అందులోని ముఖ్య పదార్థాన్ని మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపిస్తున్నాయని. కప్పులో తాగే టీకి ఈ హెచ్చరిక వర్తించదు.

సొరకాయ జ్యూస్ చేదుగా ఉంటే..

ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు అనే మాట మన దగ్గర బాగా నడుస్తుంది. పొద్దున్నే పరగడుపున సొరకాయ జ్యూస్ తాగితే షుగర్ పోతుంది, బీపీ పోతుంది అని విని తాగేవాళ్లు ఊరూరా ఉన్నారు. సొరకాయ, దోస, కాకర కుటుంబంలో కుకుర్బిటసిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. సాగు చేసిన సొరకాయల్లో ఇవి బాగా తక్కువ, అందుకే తియ్యగా ఉంటాయి. ఎప్పుడో ఒక కాయలో మాత్రం ఇవి విపరీతంగా పెరుగుతాయి. చూడటానికి అన్ని కాయల్లాగే ఉంటుంది.

అలాంటి చేదు జ్యూస్ తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. దానిపై భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీని వేసింది, 2012లో నివేదిక ప్రచురించింది. తాగిన కాసేపటికే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం.. దీనికి విరుగుడు మందు లేదు, ఆస్పత్రిలో లక్షణాలకు చికిత్స చేయడమే. చేదు అనిపిస్తే గుటక వేయకుండా ఊసేయాలి. ఆరోగ్యానికి మంచిదేలే అని ముక్కు మూసుకుని తాగేయడమే ఇక్కడ ప్రమాదం. జ్యూస్ చేసే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడటానికి అర నిమిషం పట్టదు. ఉడికించినా ఈ విషం పోదు కాబట్టి చేదు కాయను కూరలోకీ వాడకూడదు.

కాకరకాయ చేదు సహజం, అది వేరే. దానితో షుగర్ తగ్గుతుందా అంటే.. 2012లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలను సమీక్షించి, అలా చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. కూరగా హాయిగా తినొచ్చు. కాకర రసం తాగుతున్నామని షుగర్ మాత్ర ఆపేస్తేనే ముప్పు. పైకి ఏమీ తెలియకుండానే కళ్లు, కిడ్నీలు దెబ్బతింటూ పోతాయి.

పండ్ల జ్యూస్ సంగతీ ఇంతే. అమెరికాలో లక్షా 87 వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2013లో వచ్చింది. ద్రాక్ష, యాపిల్, బ్లూబెర్రీ లాంటివి పండుగా తిన్నవాళ్లకు షుగర్ ముప్పు తగ్గితే, జ్యూస్‌గా తాగినవాళ్లకు పెరిగింది. వడకట్టి పారేసే పిప్పిలోనే పీచుంది, దానికి అంటుకుని పాలీఫినాల్స్ ఉన్నాయి. గ్లాసులో మిగిలింది ఎక్కువగా చక్కెర నీళ్లే.

మందులు వాడుతున్నవాళ్లు ఇది చూడాలి

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు పూర్తిగా మానేయాలని చాలామంది అనుకుంటారు. ఆకుకూరల్లోని విటమిన్ కే ఆ మందుకు ఎదురు పని చేస్తుంది, నిజమే. సమస్యల్లా హెచ్చుతగ్గులతోనే. ఈ వారం రోజూ గోంగూర, పాలకూర, వచ్చే వారం అసలు లేకుండా అంటే మందు మోతాదు కుదరదు. డాక్టర్‌తో మాట్లాడి, దాదాపు ఒకే కొలతలో తింటే సరిపోతుంది.

గ్రేప్ ఫ్రూట్, పంపరపనసల్లోని ఫ్యూరానోకౌమరిన్లు కొన్ని కొలెస్ట్రాల్, బీపీ మందులు ఒంట్లో విరిగిపోకుండా అడ్డుకుంటాయి. దాంతో ఒక మాత్ర వేసుకుంటే రెండు మూడు వేసుకున్నట్టు అవుతుంది. ఆ మందులు వాడేవాళ్లు పంపరపనస తినొచ్చో లేదో అడగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు స్టార్ ఫ్రూట్ జోలికి వెళ్లకూడదు. అందులోని ఒక విషాన్ని వాళ్ల కిడ్నీలు బయటికి పంపలేవు, ఫిట్స్ దాకా వెళ్తుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర లాంటి ఆక్సలేట్ ఎక్కువున్న ఆకుల్ని తగ్గించుకోవాలి.

పొగ తాగేవాళ్లు, ఈమధ్యే మానేసినవాళ్లు మల్టీ విటమిన్ సీసా వెనక్కి తిప్పి బీటా కెరోటిన్ ఎంతుందో చదవాలి. కంటి రెటీనా జబ్బుకు అమెరికాలో ఇచ్చే విటమిన్ మిశ్రమంలో ఒకప్పుడు బీటా కెరోటిన్ ఉండేది. ఫిన్లాండ్ అనుభవం తర్వాత దాని బదులు లుటీన్, జియాజాంథిన్ పెట్టి పరీక్షించారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాక మిశ్రమాన్నే మార్చుకున్నారు.

అన్ని మాత్రలూ దండగేనా?

కాదు. లోటు ఉన్నచోట మాత్రే ప్రాణం పోస్తుంది. విటమిన్ ఏ లోపంతో పిల్లలు చూపు పోగొట్టుకుంటున్న రోజుల్లో, హైదరాబాద్‌లోని ఇదే పోషకాహార సంస్థ చేసిన పని ఆధారంగా 1970లో దేశమంతా పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఏ డోసు ఇవ్వడం మొదలైంది. గర్భిణులకు ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలూ అంతే. వాటిని కూరగాయలు తింటున్నాం కదా అని మానేయకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది.

ఆ ఐరన్ విషయంలోనే మొక్కల రసాయనాలు రెండు వైపులా పని చేస్తాయి. టీలోని పాలీఫినాల్స్ ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. భోజనంతో పాటు టీ తాగితే పప్పు, ఆకుకూరల నుంచి అందే ఐరన్ సగానికి పైగా తగ్గిపోవచ్చు. విటమిన్ సీ దీనికి రివర్స్, ఐరన్ పట్టేలా చేస్తుంది. అందుకే ఐరన్ మాత్ర వేసుకునే ముందు, తర్వాత కనీసం గంట సేపు టీ, కాఫీ వద్దని చెబుతారు. తోటకూర పప్పు దించాక అరచెక్క నిమ్మరసం పిండడం, భోజనం తర్వాత ఒక జామకాయ ముక్క తినడం.. దీనికి క్యాప్సూల్ ఖర్చు లేదు.